మిక్చర్ సెట్ చెయ్యమనే ముందు ట్రిమ్ చూడమనండి

విజయనగరంలో మా షెడ్డుకి పెట్రోలు కారుతో వచ్చేవాళ్లలో చాలామంది మొదట అనే మాట "మిక్చర్ కొంచెం సెట్ చెయ్యండి". మిక్చర్ అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలీ పెట్రోలూ పాళ్లు. మైలేజీ పడిపోయినా అదే, పికప్ తగ్గినా అదే, గేటు దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణికినా అదే. గజపతినగరం వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఇంకా సూటిగా చెబుతారు: "పెట్రోలు తగ్గించీ బాబూ, గాలి పెంచీ. మైలేజీ రావట్నేదు." ఆయన వయసంతా జీపులు నడిపిన మనిషి. స్క్రూ తిప్పి గాలీ పెట్రోలూ పాళ్లు మార్చే కార్బొరేటర్ రోజుల్లో ఆ మాట అక్షరాలా సరైన మాట. ఇప్పుడు ఆయన నడుపుతున్నది కొత్త కాలుష్య నిబంధనల బీఎస్ 6 కారు. అందులో తిప్పడానికి స్క్రూ లేదు.

స్క్రూ లేదు కాబట్టి లాప్‌టాప్‌తో చేస్తామనేవాళ్లు వచ్చారు. వైజాగ్ వెళ్లి రీమ్యాప్ (కారు కంప్యూటర్లోని లెక్కల్ని మార్పించడం) చేయించుకుని, ఆ తర్వాత ఏదో తేడాగా ఉందని మా దగ్గరికి వచ్చే కార్లు ఈమధ్య బాగా పెరిగాయి. రీమ్యాప్ అంటే నాకు పడదని అనుకోకండి. సరిగ్గా చేస్తే అది గొప్ప పని, చేసినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అయితే మన జిల్లాలో రీమ్యాప్ అడుగుతున్న కార్లలో ఎక్కువ భాగానికి కావలసింది వేరే. ఆ కారు కంప్యూటరు పెట్రోలుని ఎంత దిద్దుకుంటోందో చెప్పే ట్రిమ్ అంకెల్ని ఓపిగ్గా కూర్చుని చదివే మనిషి కావాలి. ఆ చదివే పనికి మాత్రం మన దగ్గర ఎవరూ డబ్బులివ్వరు. గొడవంతా అక్కడ మొదలవుతోందని నా గట్టి నమ్మకం.

ముందు లెక్క చూద్దాం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలీ పెట్రోలూ ఆ పాళ్లలో ఉంటే లాంబ్డా 1 అంటాం. పెట్రోలు ఎక్కువైతే లాంబ్డా 1 కంటే తగ్గుతుంది, అది రిచ్. గాలి ఎక్కువైతే 1 దాటుతుంది, అది లీన్. ఇంజిన్ గట్టిగా లాగేది లాంబ్డా 0.85 నుంచి 0.9 మధ్యలో. పొదుపు మాత్రం 1 దాటిన తర్వాత కొంచెం లీన్‌లో ఉంటుంది. మరి కంపెనీ ఈ రెండూ వదిలేసి మామూలు నడకలో 1 దగ్గరే ఎందుకు కట్టేసింది? సైలెన్సర్ పైపులో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం. కార్బన్ మోనాక్సైడు, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఈ మూడింటినీ అది ఒకేసారి శుభ్రం చెయ్యగలిగేది లాంబ్డా 1 చుట్టూ ఉన్న ఇరుకైన సందులోనే. లీన్ వైపు జరిగితే నైట్రోజన్ ఆక్సైడ్లు అలాగే బయటికి పోతాయి. రిచ్ వైపు జరిగితే మిగతా రెండూ పోతాయి.

ఆ సందులో నిలబెట్టడానికి సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ పెట్టారు. బాష్ కంపెనీ చేసిన ఈ సెన్సర్ మొదట 1976లో వోల్వో కార్లలో వచ్చింది. పాత రకం సెన్సర్‌కి తెలిసింది రెండే ముక్కలు: రిచ్ అయితే 0.8, 0.9 వోల్టులు, లీన్ అయితే 0.1, 0.2. ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది దానికి తెలియదు. అందుకే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు, పెట్రోలు కొంచెం పెంచి చూస్తుంది, సెన్సర్ రిచ్ అంటే తగ్గిస్తుంది, లీన్ అంటే మళ్లీ పెంచుతుంది. సెకనుకో రెండు సెకన్లకో ఈ ఊగిసలాట జరుగుతూనే ఉంటుంది. కొత్త కార్లలో చాలావాటికి ఎంత తేడా ఉందో కూడా చెప్పగల వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంది కాబట్టి దిద్దుబాటు ఇంకా నిమ్మళంగా, ఇంకా కచ్చితంగా సాగుతుంది.

ఇలా అప్పటికప్పుడు చేసే దిద్దుబాటే షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. అదే దిద్దుబాటు పదేపదే అవసరమవుతుంటే ఈసీయూ దాన్ని గుర్తు పెట్టుకుంటుంది, అది లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. రెండూ శాతాల్లో కనిపిస్తాయి. ప్లస్ 8 అంటే తన లెక్క ప్రకారం వెయ్యాల్సిన దానికంటే 8 శాతం ఎక్కువ పెట్రోలు వేస్తే గానీ లాంబ్డా 1 రావట్లేదని. మైనస్ అయితే అంత తగ్గించాల్సి వస్తోందని. మామూలుగా ఇటు 5, అటు 5 లోపల ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. 10 దాటితే ఎక్కడో ఏదో ఉంది.

ఇక్కడ ఒక్క విషయం అర్థమైతే చాలా డబ్బు మిగులుతుంది. మామూలు నడకలో, అంటే విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లొచ్చినా, హైవే మీద ఒకే స్పీడులో శ్రీకాకుళం వెళ్లొచ్చినా, ఇంజిన్ ఎక్కువసేపు సెన్సర్‌ని చూసి దిద్దుకునే ఈ క్లోజ్డ్ లూప్‌లోనే ఉంటుంది. మైలేజీ కోసమని ఎవరైనా ఈసీయూ లెక్కలుండే ఫైల్లోకి వెళ్లి పెట్రోలు లెక్క 5 శాతం తగ్గించారనుకోండి. సెన్సర్ లీన్ అంటుంది, ఈసీయూ 5 శాతం కలుపుతుంది, కొన్నాళ్లలో ఆ 5 లాంగ్ టర్మ్ ట్రిమ్‌లో స్థిరపడుతుంది. బండి తాగే పెట్రోలు మళ్లీ మొదటికే వస్తుంది. మీరు డబ్బులిచ్చి మార్పించినదాన్ని కారు తనంతట తానే దిద్దేసుకుంది. మొదటి రెండు మూడు రోజులు ఏదో తేడా తెలిసిన మాట నిజమే. బ్యాటరీ వైరు తీసి పెడితే పికప్ పెరిగిందనేవాళ్లకి తెలిసే తేడా కూడా ఇలాంటిదే: నేర్చుకున్న ట్రిమ్‌లు చెరిగిపోయి మళ్లీ నేర్చుకునేదాకా ఉండే తేడా.

నోటితో చెబితే ఇది నమ్మడం కష్టం. అందుకని ఒక కారు సంగతి వివరంగా రాస్తాను.

బొబ్బిలి వైపు నుంచి వచ్చింది. టర్బో లేని చిన్న పెట్రోలు కారు. మైలేజీ తగ్గిందని ఓనరు ఒక చోట చూపిస్తే ఆక్సిజన్ సెన్సర్ కొత్తది వేశారు. తగ్గకపోతే మరో చోట "మైలేజ్ ట్యూన్" అని ఫైలు మార్చారు. అయినా మార్పు లేదు. నా దగ్గరికి వచ్చేసరికి మనిషి విసిగిపోయి ఉన్నాడు. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి స్కానర్ పెట్టి, అప్పటికప్పుడు వచ్చే అంకెలు చూపే లైవ్ డేటా తెరిచాను. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, లాంగ్ టర్మ్ ప్లస్ 16. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచితే మెల్లగా ప్లస్ 7కి దిగింది. వదిలితే మళ్లీ పైకి.

ఐడిల్‌లో ఎక్కువ, స్పీడు పెంచితే తక్కువ. ఇది కనిపించగానే చాలామంది ఇన్‌టేక్ వైపు, అంటే ఇంజిన్ గాలి పీల్చే వైపు, లీకు అంటారు. యూట్యూబ్‌లో అందరూ చెప్పేదీ అదే. గాలిని మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్‌తో కొలిచే కార్లలో ఆ మాట నిజం, ఎందుకంటే లీకులోంచి దూరిన గాలి ఆ సెన్సర్ లెక్కలోకి రాదు. కానీ మన చిన్న కార్లలో చాలావాటికి ఉన్నది మ్యాప్ సెన్సర్. అది ఇంజిన్‌కి గాలి పంచే గొట్టం, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్, లోపలి ఒత్తిడిని కొలుస్తుంది. దొడ్డిదారిన దూరిన గాలి కూడా ఒత్తిడిని పెంచుతుంది కాబట్టి దాన్నీ లెక్కేసి పెట్రోలు వేస్తుంది. అలాంటి కారులో ఇన్‌టేక్ లీకు ఉంటే ట్రిమ్ కంటే ముందు ఐడిల్ ఆర్పీఎం పెరగాలి. ఈ కారు ఐడిల్ ఎక్కడుండాలో అక్కడే ఉంది. అంటే గాలి ఇంజిన్‌లోకి దూరట్లేదు, సెన్సర్ దగ్గరికి మాత్రం దూరుతోంది.

మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి మా పెద్ద మేస్త్రిని పిలిచాను. ఆయనకి స్కానర్ చూడటం రాదు. బోనెట్ మీదికి వంగి చెవి పెట్టి, పది సెకన్లు కాకముందే అన్నారు: "సైలెన్సరు మొదట్లో ఊదుతంది బాబూ. ఏడెక్కితే మూసుకుంటాది." సన్నగా టిక్ టిక్ మని శబ్దం. హీట్ షీల్డ్ విప్పితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచున వేలెడు పొడుగున నల్లటి మసి చార. పొగ దెబ్బలు దెబ్బలుగా బయటికి పోతుంది గనక, దెబ్బకీ దెబ్బకీ మధ్య బయటి గాలి ఆ సందులోంచి లోపలికి లాగబడుతుంది. ఐడిల్‌లో పొగ తక్కువ, కాబట్టి ఆ దూరిన గాలి పాలు ఎక్కువ. సెన్సర్‌కి ఆక్సిజన్ కనిపించి లీన్ అంది. ఈసీయూ పాపం నమ్మి పెట్రోలు పోస్తూ పోయింది.

గ్యాస్కెట్ వేసి కొన్నాళ్లు తిప్పి రమ్మన్నాం. వచ్చాక చూస్తే ఐడిల్‌లోనూ, 2500 దగ్గరా ట్రిమ్ ప్లస్ 5 దగ్గర సమంగా నిలబడింది. ఆ మిగిలిన 5లో కొంత మన ఇథనాల్ పెట్రోలుది, కొంత ఎవరో ఫైల్లో తగ్గించినది. ఆ తగ్గించిన పెట్రోలుతో ఓనరుకి ఒక్క కిలోమీటరు కూడా కలిసి రాలేదు. కొత్తగా వేసిన సెన్సర్ అవసరమే లేదు. పాత సెన్సర్ అబద్ధం చెప్పలేదు, దాని ముందుకి వచ్చిన గాలినే అది చెప్పింది.

ఇథనాల్ సంగతి వచ్చింది కాబట్టి చెప్పుకుందాం, దీని మీద అపోహలు చాలా ఉన్నాయి. మన దేశంలో 2022 నాటికి పెట్రోల్లో 10 శాతం ఇథనాల్, 2025కి 20 శాతం దాకా వచ్చాం. ఇథనాల్ కాలడానికి కిలోకి 9 కిలోల గాలి చాలు. అంచేత 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు సరైన పాళ్లు 14.7 కాదు, సుమారు 13.5. ఈ10కి సుమారు 14.1. అంటే పాత లెక్కతో ఉన్న ఈసీయూ అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ పెట్రోలు వెయ్యాలి. అది ట్రిమ్‌తో వేసుకుంటుంది. పదేళ్ల కిందటి కారులో ఈ20 పోస్తే ట్రిమ్ ప్లస్ వైపు నాలుగైదు జరగడం రోగం కాదు, దాని పని అది చేసుకుంటోందని అర్థం. మైలేజీలో కొంత తగ్గడం కూడా రీమ్యాప్‌తో పోయేది కాదు. ఈ10 నుంచి ఈ20కి మారితే లీటరు పెట్రోల్లో ఉండే శక్తే మూడు, నాలుగు శాతం తగ్గుతుంది, దాన్ని ఏ ఫైలూ తిరిగి పుట్టించలేదు. రబ్బరు పైపులు, సీళ్ల సంగతి వేరు. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండి అయితే వాటిని అప్పుడప్పుడు చూపించుకోవడం మంచిది.

అందుకే గాలీ పెట్రోలూ పాళ్లు చూపే మీటరు పెట్టుకున్న కుర్రాళ్లకి నేను చెప్పేది, 14.7 అని కాకుండా లాంబ్డాలో చూడండని. గేజీలో కనిపించే 14.7 అనేది లాంబ్డా 1ని పెట్రోలు స్కేలుతో గుణించి చూపించే అంకె మాత్రమే. ట్యాంకులో ఈ20 ఉన్నా అది 14.7 అనే చూపిస్తుంది. లాంబ్డా 1 మాత్రం ఏ ఇంధనానికైనా లాంబ్డా 1.

ఈసీయూ చేసే పని ఎంత గొప్పదో చూడాలంటే ఎస్.కోట నుంచి అరకు ఘాట్ ఎక్కండి. కార్బొరేటర్ జీపులు పైకెళ్లే కొద్దీ రిచ్ అయి నల్లగా పొగ వదిలేవి, ప్లగ్గులు మసిబారేవి. తరచూ అరకు తిరిగే డ్రైవర్లు ఎయిర్ స్క్రూ కొంచెం తిప్పుకుని వెళ్లేవారు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది, అక్కడ గాలి ఒత్తిడి ఇక్కడికంటే పదో వంతు తక్కువ. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ చదివితే మన ఊళ్లో 100 కిలోపాస్కల్స్ దగ్గర, అరకులో 91 దగ్గర కనిపిస్తుంది. ఈసీయూ ఆ అంకె చూసుకుని తనే లెక్క మార్చుకుంటుంది. మే నెల ఎండలో గాలి పలచబడినా అంతే, ఇన్‌టేక్ గాలి వేడిని కొలిచే సెన్సర్ ఉంది. ఒకప్పుడు చేత్తో చేసిన పనిని ఇప్పుడు కారు ప్రతి క్షణం చేసుకుంటోంది. మళ్లీ దాన్ని చేత్తో చేయించాలని పట్టుబట్టడంలో నాకు అర్థం కనిపించదు.

మరి రీమ్యాప్ ఎప్పుడు నిజమైన పని? యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ లాంబ్డా 1ని వదిలి రిచ్ వైపు వెళుతుంది. పాత రకం సెన్సర్ ఉన్న కార్లలో అక్కడ దిద్దుబాటు ఉండదు, ఫైల్లో ముందే రాసిపెట్టిన టేబుల్లో ఏముంటే అదే పడుతుంది. టర్బో పెట్రోలు కార్లలో అక్కడ సంపాదించుకోగల శక్తి ఉంది, అది అబద్ధం కాదు. కానీ కొత్త ఈసీయూలు పెట్రోలుని విడిగా చూడవు. మీ పాదం నొక్కింది టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) కోరికగా మారుతుంది, దాన్నుంచి ఎంత గాలి కావాలో, థ్రాటిల్ ఎంత తెరవాలో, టర్బో ఎంత ఊదాలో, లాంబ్డా ఎంతుండాలో వరసగా లెక్క కడుతుంది. పక్కనే ఇంకో లెక్క నడుస్తూ, అడిగిన టార్క్‌కీ వస్తున్న టార్క్‌కీ పొంతన ఉందా అని కాపలా కాస్తుంటుంది. ఒక్క టేబుల్ మార్చి మిగతావి వదిలేస్తే ఈ కాపలా థ్రాటిల్ మూసేస్తుంది. "రీమ్యాప్ చేయించాక ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఒక్కసారిగా బండి చచ్చిపోతోంది" అని వచ్చిన కార్లలో కనిపించేది ఇదే. హైవే మీద చిలకపాలెం దగ్గర లారీని దాటుతుండగా అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

రెండోది ఆక్టేన్, అంటే పెట్రోలు నాక్ కాకుండా (తనంతట తానే ముందే అంటుకుని పేలకుండా) ఎంత తట్టుకోగలదో చెప్పే అంకె. మన మామూలు పెట్రోలు ఒకప్పుడు 91 ఆక్టేన్, ఈ20 వచ్చాక 95కి చేరింది.  ఇంకా ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకి తయారైన ఫైలుని తెచ్చి, మామూలు పెట్రోలు పోసే కారులో, మన ఎండల్లో పెడితే ఇంజిన్ నాక్ అవుతుంది. నాక్ సెన్సర్ మాట విని ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది, కొనుక్కున్న శక్తి అక్కడే పోతుంది. అదృష్టం బాగోకపోతే పిస్టన్ పోతుంది. అందుకని నా దగ్గర సలహా అడిగేవాళ్లకి ఒక మాట చెబుతాను. ఏ బంకులో ఏ పెట్రోలు పోస్తారని అడగని, ముందు ఒకసారి నడిపి ఇంజిన్ అంకెల రికార్డు (లాగ్) తీసుకోని ట్యూనర్ దగ్గర కారు పెట్టకండి. వైడ్‌బ్యాండ్ మీటరు పెట్టి, నాక్ వల్ల టైమింగ్ ఎంత వెనక్కి పోతోందో చూసుకుంటూ, కొంచెం కొంచెంగా మార్చేవాళ్లు ఉన్నారు. వాళ్లు తీసుకునే డబ్బు వాళ్ల కష్టానికి తగినదే. బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకటుందని, వారంటీ పోతుందని కూడా తెలిసే చేయించుకోండి.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఇంకొకటి. చెక్ ఇంజిన్ లైటు పోవడానికి వెనక ఆక్సిజన్ సెన్సర్‌ని పొగకి దూరంగా జరిపే స్పేసర్ ముక్క పెట్టడం, లేదా ఫైల్లోంచి ఆ కోడ్‌నే తీసేయడం. ఆ సెన్సర్ ఉన్నది క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) పనిచేస్తోందో లేదో చెప్పడానికి. రిచ్‌గా నడిచి, మిస్‌ఫైర్ అయి, కాలని పెట్రోలు క్యాట్‌లోకి వెళ్లి అక్కడ కాలితే అది కరిగిపోతుంది. లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, కొత్తది వెయ్యాలంటే వేలకి వేలు. లైటు ఆర్పేసినంత మాత్రాన ఆ నష్టం ఆగదు. ఆ కారు వెనకాల స్కూటీ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్లే తల్లి ఆ పొగ పీలుస్తుంది. లైటు ఆర్పమని అడిగినవాళ్లని నేను వెనక్కి పంపేస్తాను. బేరం పోయినా సరే.

పొగ పరీక్షకి ఇచ్చే పీయూసీ సర్టిఫికెట్‌ని చాలామంది వంద రూపాయల కాగితంగానే చూస్తారు. బీఎస్ 4 నుంచి పెట్రోలు కార్లకి 2500 ఆర్పీఎం దగ్గర లాంబ్డా కూడా కొలవాలి, అది 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి. గొట్టం నిజంగా సైలెన్సర్‌లో పెట్టి కొలిస్తే అది మీ ఇంజిన్‌కి చవకైన ఆరోగ్య పరీక్ష. 

ఇక డబ్బు సంగతి. ఆ బొబ్బిలి కారుకి గ్యాస్కెట్ ఖరీదు చాలా తక్కువ. అది కనిపెట్టడానికి పట్టిన సాయంత్రం, మర్నాటి పొద్దు మాత్రం ఎక్కువ. బిల్లులో "చూసినందుకు" అని రాస్తే మన దగ్గర ఎవరైనా ముఖం చిట్లిస్తారు. "ఏం వేశారండి?" అని అడుగుతారు. సెన్సర్ వేశాం, ఇంజెక్టర్లు క్లీన్ చేశాం, ప్లగ్గులు మార్చాం అంటే మారు మాట్లాడకుండా ఇస్తారు. అప్పుడు షెడ్డువాడు ఏం చేస్తాడు? పెళ్లాం పిల్లలున్నవాడు, అద్దె కట్టుకోవాల్సినవాడు. పార్టులే మారుస్తాడు. పార్టులు మార్చినా పోకపోతే ఫైలు మార్పిస్తాడు. మెకానిక్‌ని మోసగాడనే ముందు, నిజాయితీగా ఆలోచించే పనికి మనం ఎంత కట్టామో చూసుకోవాలి.

ఇటు మెకానిక్కులకీ ఒక మాట చెప్పాలి. ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివి వచ్చే కుర్రాళ్లు చురుకైనవాళ్లు. కానీ స్కానర్ చేతికిస్తే నేరుగా కోడ్‌ల పేజీకి వెళ్తారు. కోడ్ ఉంటే ఆ పార్టు మారుస్తారు, లేకపోతే స్కానర్ పక్కన పెట్టేస్తారు. లీన్ కోడ్ వస్తే సెన్సర్ పోయిందని అర్థం కాదు తమ్ముళ్లూ. లైవ్ డేటా పేజీలోనే అసలు కథ ఉంటుంది. అక్కడ అంకెలు చూస్తూనే చెవి ఇంజిన్ మీద పెట్టడం, ప్లగ్గు రంగు చూడటం, పైపులు చేత్తో తడమటం మీ పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోండి. మా మేస్త్రికి ప్లస్ 16 అంటే ఏమిటో తెలియదు, నాకు ఆ టిక్ టిక్ శబ్దం వినపడలేదు. ఇద్దరం కలిస్తేనే ఆ కారు బాగుపడింది.

ఓనర్లు కూడా చూసుకోగలిగింది ఉంది. 2013 తర్వాతి పెట్రోలు కార్లలో చాలావరకు స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ ఉంటుంది. దాంట్లో పెట్టే చిన్న బ్లూటూత్ ముక్క తక్కువ ధరకే దొరుకుతుంది. ఫోన్‌లో కూలెంట్ వేడి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ట్రిమ్‌లు చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్పీఎంలో ఒకసారి ఫొటో తీసి పెట్టుకోండి. బండి బాగున్నప్పుడే తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది, తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఉంటుంది. షెడ్డుకి వెళ్లినప్పుడు ఆ ఫొటోలు చూపించి, పార్టు మార్చే ముందు కారణం చెప్పమని అడగండి. చెప్పినవాడికి ఆ చెప్పినందుకు డబ్బులివ్వండి.

అన్నీ చూసుకున్నాక, బండి ఆరోగ్యంగా ఉందని తేలాక కూడా రీమ్యాప్ చేయించుకోవాలనిపిస్తే చేయించుకోండి. అయితే పని మొదలుపెట్టక ముందే మీ కారులోంచి తీసిన ఒరిజినల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇమ్మని అడగండి. ఇవ్వను అన్నవాళ్ల దగ్గర తాళం తీసుకుని వచ్చేయండి. రేపు ఏదైనా తేడా వస్తే వెనక్కి రాయించుకోవడానికి ఆ ఫైలు కావాలి, దాన్ని మా షెడ్డులో ఎంత వెతికినా మేం తెచ్చి ఇవ్వలేం.